గేటు దాకా చెప్పిన దారి

ఆ పెట్టెలో టిక్కు పెట్టింది నేనే. ఈ ఒక్క మాట మా అమ్మాయికి చెప్పడానికి నాకు పందొమ్మిది రోజులు పట్టింది.

పెట్టె అంటే దారి చూపించే పెట్టె. మా అమ్మాయి మందుల కంపెనీ వ్యాను నడుపుతుంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న మందుల షాపులకు సరుకు దింపి రావడం దాని పని. ఆ వ్యాను ముందు అద్దానికి రబ్బరు మూతితో అతుక్కుని ఉంటుంది ఆ పెట్టె, అరచేయంత. వెళ్ళాల్సిన చోటు నొక్కితే బొమ్మలో దారి గీస్తుంది. ఒక ఆడమనిషి గొంతుతో కుడికి తిరగమనీ ఎడమకి తిరగమనీ చెబుతుంది. చెప్పిన చోట తిరగకపోతే విసుక్కోదు, ఇంకో దారి వెతికి మళ్ళీ మొదలుపెడుతుంది. అందుకని మా ఆయన దానికి అత్తగారని పేరు పెట్టారు. మా అమ్మ కూడా మీ అమ్మకి ఇన్నిసార్లు చెప్పలేదే అని కూతురితో అనేవారు. చెప్పింది, ఇంత నెమ్మదిగా చెప్పలేదంతే అనేదాన్ని నేను. ముగ్గురం నవ్వుకునేవాళ్ళం.

మా ఆయన ముప్ఫై ఏళ్ళు బేకరీ వ్యాను నడిపారు. ఇప్పుడున్న పెద్ద రోడ్డు అప్పటికి లేదు. చేల మధ్య నుంచీ కాలవ గట్ల మీద నుంచీ పోయే చిన్న రోడ్డు మీదే ఊరూరా తిరిగి రొట్టెలు వేసి వచ్చేవారు. ఇంటికొచ్చాక కూడా చొక్కాకి వెచ్చటి పిండి వాసన ఉండేది. సెలవు రోజుల్లో అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవారు. అది తలుపు మీద చేత్తో కొట్టి "పోనియ్, పోనియ్" అని అరిచేదట. అప్పటి నుంచీ దాన్ని కండక్టరనే పిలిచేవారు. పెద్దదై వ్యాను ఉద్యోగంలో చేరినా కండక్టరే.

నాకు మాత్రం ఆ ఉద్యోగం మొదటి రోజు నుంచీ గుండెల మీద కుంపటే. నా భయం గురించి మా ఇంట్లో ఒక మాట ఉంది. గాలి వేస్తే కరెంటు పోతుందని భయం, కరెంటు వస్తే షాకు కొడుతుందని భయం మీ అమ్మకి, అనేవారు మా ఆయన. నిజమే. అది బండి తీసుకుని వీధి మలుపు తిరిగే దాకా గుమ్మంలో నిలబడతాను. తిరిగిన దగ్గర నుంచి ఫోను చేస్తూ ఉంటాను. ఎత్తకపోతే ఏదో అయిందని, ఎత్తితే నడుపుతూ ఎత్తిందని.

పోయిన వేసవిలో టీవీలో ఒక వ్యాను చూపించారు. తెల్లది, మా అమ్మాయి నడిపేలాంటిదే. పెద్ద రోడ్డు మీద ఆగి ఉన్న లారీ కిందికి సగం దూరిపోయి ఉంది. నాకు ఆ పూట ముద్ద దిగలేదు. కళ్ళు మూసుకుంటే ఆ తెల్లటి వెనక తలుపులే.

ఆ ఆదివారం మధ్యాహ్నం అమ్మాయి తలంటుకుంటోంది. పెట్టెని ఎండలో వదిలితే పాడవుతుందని అది ఎప్పుడూ ఇంట్లోకి తెచ్చి పెడుతుంది. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని మంచం మీద దాన్ని చేతిలో పట్టుకుని ఆడుతున్నారు. ఆయనకి దాని మీద పైకి వెటకారం, లోపల మోజు. నన్ను పిలిచి చూపించారు. ఒక చోట వరసగా మూడు గళ్ళున్నాయి. పడవ రేవులు వద్దు, మట్టి రోడ్లు వద్దు, పెద్ద రోడ్లు వద్దు. ఏది వద్దనుకుంటే ఆ గడిలో టిక్కు పెట్టాలట. పెట్టాక అటువైపు దారే చూపించదట. పెద్ద రోడ్లు వద్దని ఎవడు పెడతాడు, పని లేనివాడు తప్ప, అని నవ్వి ఆయన పెట్టెని దిండు పక్కన పెట్టి కునుకు తీశారు.

నేను చీర కొంగుతో వేలు తుడుచుకుని ఆ గడి మీద నొక్కాను. టిక్కు పడింది. నొక్కడం అంతే. ఏడో తరగతి చదివినదాన్ని, ఇంత యంత్రాన్ని దారికి తెచ్చాననిపించింది. ఆ సాయంత్రం చాన్నాళ్ళ తర్వాత కడుపు నిండా తిన్నాను.

తర్వాత కొన్నాళ్ళు అమ్మాయి భోజనాల దగ్గర అంటూ ఉండేది, అత్తగారికి మతి చలించింది, ఊరికే చేల వెంట తిప్పుతోందని. రోడ్డు పని జరుగుతోందేమోనని ఆయన అనేవారు. నేను గిన్నెలు సర్దుతూ ఉండేదాన్ని. రోజూ వెళ్ళే ఊళ్ళు దానికి అలవాటే కాబట్టి పెట్టె మాట వినడం మానేసి తన దారిన తను పోవడం మొదలుపెట్టింది. ఆ సంగతి నాకు చెప్పలేదు. నేను మాత్రం అది చిన్న రోడ్ల మీదే తిరుగుతోందనుకుని నిశ్చింతగా ఉన్నాను. కొన్నాళ్ళకి టిక్కు సంగతే మర్చిపోయాను.

చలి మొదలయ్యాక మా ఆయనకి గుండె నీరసించింది. కాళ్ళు వాచాయి, రెండు మెట్లెక్కితే ఆయాసం. ఆస్పత్రిలో చేర్చాం. ఆరో రోజుకి కాస్త తేరుకున్నారు, పరవాలేదన్నారు డాక్టరు. ఇక్కడ నా ముఖం చూస్తూ కూర్చుంటే ఏమొస్తుంది, పనికి వెళ్ళవే కండక్టరూ అని ఆయనే దాన్ని పంపించారు. ఆ రోజు రేవు ఊరు రూటు నడిపే డ్రైవరు రాలేదట. ఆ రూటు దీనికి వేశారు. అది బండి వేసుకుని ఎప్పుడూ వెళ్ళని ఊరు, తొంభై కిలోమీటర్లు, పోయేటప్పుడు ఊరూరా సరుకు దింపుకుంటూ పోవాలి.

పొద్దున ఏడింటి నుంచి పదకొండు లోపల నేను దానికి పదకొండు సార్లు ఫోను చేశాను. చేరావా, తిన్నావా, అటు వాన పడుతోందా. ఒకసారి ఏమీ లేదు, ఊరికే.

పదకొండున్నరకి ఆయన రంగు మారిపోయింది. నర్సు పరిగెత్తుకొచ్చింది, డాక్టరు వచ్చారు. ఆక్సిజన్ గొట్టం తీసి ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టారు. నన్ను వరండాలోకి పిలిచి, రావాల్సిన వాళ్ళుంటే పిలిపించుకోమ్మా అన్నారు. అమ్మాయికి ఫోను చేసి, నాన్నకి బాలేదు, వచ్చెయ్యి అన్నాను. బయల్దేరుతున్నానమ్మా అంది. ఇంకేదో అడగబోయింది. అంతలో మాట తెగిపోయింది.

లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చున్నాను. ఆయన కళ్ళు తెరిచి చూసి, మాస్కు కొంచెం పక్కకి జరిపారు.

"కండక్టరు బయల్దేరిందా?"

బయల్దేరిందన్నాను. ఎక్కడి నుంచి అంటే రేవు ఊరి నుంచి అన్నాను. ఎదురుగోడ మీద గడియారం ఉంది. ఆయన దాని వంక చూసి లెక్క వేసుకున్నారు. పెద్ద రోడ్డెక్కితే గంటా పది నిమిషాలు, ఒంటిగంట లోపల వచ్చేస్తుంది, ఉంటానులే అన్నారు. నన్ను నవ్వించడానికే అన్నారు ఆ చివరి మాట.

అప్పుడు గుర్తొచ్చింది నాకు టిక్కు.

వరండాలోకి పరిగెత్తి ఫోను చేశాను, ఆ పెట్టె మాట వినకు, పెద్ద రోడ్డు మీదుగా రా అని చెప్పడానికి. ఫోను ఆగిపోయి ఉందని వచ్చింది. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే. పొద్దుటి నుంచీ నేను చేసిన ఫోన్లతోనే దాని ఛార్జింగు అయిపోయింది. తెలియని ఊరు, మనసు మనసులో లేదు. తెలిసిన రూటయితే తన దారిన వచ్చేది. ఇవాళ మాత్రం అది ఆస్పత్రి అని నొక్కి, ఆ పెట్టె ఎటు తిరగమంటే అటే తిరుగుతుంది.

నా ముఖం చూసి ఆయన ఏమిటన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపురం చేసిన మనిషి దగ్గర ఏం దాస్తాను. ఏడుస్తూ చెప్పేశాను. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"అదా సంగతి. అందుకా అది చేల వెంట తిరుగుతోందీ" అన్నారు.

కాసేపు ఊపిరి తీసుకుని, మళ్ళీ మాస్కు జరిపి అన్నారు.

"దానికి చెప్పకు. నేను లేని ఇంట్లో మీరిద్దరే. అది నీ మీద కోపం పెట్టుకుంటే ఇల్లెలా గడుస్తుంది?"

అలాగేనన్నాను. తర్వాత ఆయన గడియారం చూస్తూ ఉండిపోయారు. నిద్రపోయారేమో అనుకున్నాను. చాలాసేపటికి చిన్నగా అన్నారు, ఉప్పుమళ్ళు దాటుతూ ఉంటుంది, అక్కడ ఎదురుగాలి కొడుతుంది, స్టీరింగు గట్టిగా పట్టుకోవాలి అని. నాకు మొదట అర్థం కాలేదు. పలవరింత అనుకున్నాను. పలవరింత కాదు. రొట్టెల బండి మీద ముప్ఫై ఏళ్ళు తిరిగిన దారి అది. ఆయన దాని పక్క సీట్లో కూర్చుని వస్తున్నారు.

పన్నెండు ఇరవైకి ఇటుక బట్టీలన్నారు. గోతులుంటాయి, రెండో గేరులో పోతే మంచిదన్నారు. నర్సు వచ్చి మాట్లాడొద్దంది. ఆమె వెళ్ళగానే మళ్ళీ మొదలు. కాలవ మీద సన్నటి వంతెన, ఒక బండే పడుతుంది, హారను కొట్టి ఆగాలి, అవతల నుంచి ఎవరూ రాకపోతేనే ఎక్కాలి, చిన్నప్పుడే నేర్పాను దానికి. నీలం గోడ బడి, దాని పక్కన ముసలామె కొట్టు. ఆమెకి రోజూ రెండు బన్నులు ఎక్కువ వేసేవారట, ఎందుకో చెప్పలేదు. ఆయన అలా చెబుతుంటే నాకు ఏడుపు కూడా ఆగిపోయింది. నేనూ వెళ్ళినట్టే ఉంది ఆ దారిన. కోత మిల్లు దగ్గర మాటలేమీ లేవు, కోత మిల్లు అన్నారంతే. ఊపిరి చాలడం లేదు.

ఒంటిగంటా ఐదు నిమిషాలకి కళ్ళు తెరిచారు.

"రైలు గేటు. ఈ టైముకి వేసుంటుంది. ఆగనీ. తొందరపడొద్దని చెప్పు."

ఇంకా ఏదో చెబుతారని చెవి ఆయన నోటి దగ్గర పెట్టి కూర్చున్నాను. నర్సు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసే దాకా అలాగే కూర్చున్నాను.

అమ్మాయి ఒకటీ నలభైకి వచ్చింది. వ్యాను తాళాలు చేతిలో ఉన్నాయి, కాళ్ళకి మట్టి మోకాళ్ళ దాకా ఉంది. తలుపు దగ్గరే ఆగిపోయింది. నన్ను చూడలేదు, ఆయన కాళ్ళ వైపు చూసింది. దుప్పటి కప్పి ఉంది.

ఆ తర్వాతి రోజుల గురించి ఎక్కువ చెప్పను. చుట్టాలు వచ్చారు, వెళ్ళారు. మా అక్క నాలుగు రోజులుండి వెళ్ళింది. ఇంట్లో మేమిద్దరం మిగిలాం, ఆయన అన్నట్టే.

అది ఏడిస్తే బాగుండేది. లెక్కలు వేయడం మొదలుపెట్టింది. తొంభై కిలోమీటర్లకి రెండు గంటలు ఎలా పట్టింది. పెద్ద రోడ్డు పక్కనే ఉంటే చిన్న రోడ్డు మీదికి ఎందుకు వచ్చాను. ఆ కంగారులో నేనే ఏదో తప్పు నొక్కి ఉంటాను. ఆగి ఎవరినైనా అడగాల్సింది. డ్రైవరు కూతుర్ని, దారి తెలియకుండా ఒక డబ్బా చెప్పినట్టు విన్నాను. నాన్న అయితే వినేవాడా. కాఫీ గ్లాసు పట్టుకుని అవే మాటలు. తలుపు వేసుకుని అవే మాటలు.

నన్ను ఒకటే అడిగేది. నాన్న ఏమీ అనలేదా అని. మత్తులో ఉన్నారే, ఏమీ అనలేదు అని చెప్పేదాన్ని. ఆయన చెప్పిన ఒక్క చోటు పేరెత్తినా, నేను చిన్న రోడ్డు మీద వస్తున్నానని నాన్నకెలా తెలుసు అని అడుగుతుంది. అందుకని మొత్తం మింగేశాను. ఉప్పుమళ్ళు, బట్టీలు, బన్నులు, అన్నీ. టిక్కు దాచడానికి ఆయన ఆఖరి మాటలన్నీ దాచాను.

పద్దెనిమిదో రోజున అది ఆఫీసుకి ఫోను చేసి ఇక బండి నడపనని చెప్పేసింది. సూపర్‌వైజరు మంచివాడు, నెల రోజులు సెలవు తీసుకోమన్నాడట. వద్దంది. గోడౌనులో పెట్టెల మీద చీటీలు అతికించే పనుంది, అందులో వేయమంది. చేతిలో బండి ఉండీ సమయానికి చేరలేకపోయాను సార్ అంది. గోడ అవతల నుంచి విన్నాను.

నేను ఎన్నేళ్ళుగానో కోరుకున్నదే జరిగింది. అది ఇక రోడ్డు మీద ఉండదు. కుర్చీలో కూర్చుని చీటీలు అతికించి ఐదింటికి ఇంటికొస్తుంది. లారీలు లేవు, వానలు లేవు. ఫోను చేసి మా అక్కకి చెబితే, ఇంకేం కావాలే నీకు, పిల్ల కళ్ళ ముందుంటుంది అంది. నిజమే, ఇంకేం కావాలి. ఆ రాత్రి నాకు భయం వేయలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి భయం లేని రాత్రి అదొక్కటే. దానికంటే భయమే నయమనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం అది వంటగదిలో బల్ల ముందు కూర్చుని పెట్టెని తుడుస్తోంది, బండితో పాటు తిరిగి ఇచ్చెయ్యడానికి. వైరు చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. అద్దం మీద వేలిముద్రలు పోయే దాకా రుద్దుతోంది. రుద్దుతూనే, తల ఎత్తకుండా మళ్ళీ అడిగింది.

"నాన్న ఒక్క మాటైనా అనలేదా అమ్మా? బయల్దేరానని కూడా తెలియదా?"

ఆయనకిచ్చిన మాట ఉంది. కానీ ఆయన ఆ మాట అడిగింది ఇల్లు గడవాలని. ఈ పిల్ల తనని తాను ఇలా కోసుకుంటుంటే అది ఇల్లెలా అవుతుంది. నేను ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆదివారం తలంటు దగ్గర నుంచి మొదలుపెట్టాను. టీవీలో వ్యాను, మూడు గళ్ళు, కొంగుతో వేలు తుడుచుకోవడం.

అది వైరు విప్పి పెట్టెకి పెట్టింది. వెలిగాక నాలుగు చోట్ల నొక్కి ఆ గళ్ళున్న చోటికి వెళ్ళి చూసింది. టిక్కు అలాగే ఉంది. చాలాసేపు చూసింది. లేచి తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది.

దానికేదో అవుతుందని నేనూ లేచాను. కుడికాలి చెప్పు ఎడమకాలికి వేసుకుని మెట్లు దిగాను. అది బండి స్టార్టు చేసి ఉంది, కానీ కదల్లేదు. నేను అవతలి తలుపు తీసి ఎక్కాను. దిగమనలేదు. పెట్టె నా ఒళ్ళో పడేసింది.

ఊరు దాటాం. పెద్ద రోడ్డు వైపు కాకుండా ఎడమకి తిరిగింది. ఇళ్ళు పలచబడి చేలు వచ్చాయి. ఇరవై నిమిషాలు పోయాక రైలు గేటు. తెరిచే ఉంది. అది దాటకుండా పక్కకి తీసి ఆపింది.

"చెప్పు. నాన్న ఏమన్నాడో మొత్తం చెప్పు."

చెప్పాను. గడియారం ఎంత చూపిస్తోందో కూడా చెప్పాను. ఎదురుగాలి, రెండో గేరు, వంతెన దగ్గర హారను. వంతెన దగ్గర అది కళ్ళు మూసుకుంది, కొట్టానమ్మా అంది, నాకు కాదు చెప్పింది. బన్నుల సంగతి చెబితే, ఆ ముసలామె నాకు నీళ్ళిచ్చేది చిన్నప్పుడు అంది. కోత మిల్లు. తర్వాత గేటు. ఆయన అన్నది అన్నట్టే చెప్పాను. ఆగనీ, తొందరపడొద్దని చెప్పు.

అప్పుడు ఏడ్చింది. స్టీరింగు మీద తల పెట్టి, పందొమ్మిది రోజులదీ.

"గేటు వేసే ఉందమ్మా. పదకొండు నిమిషాలు నిలబెట్టారు. దిగి వెళ్ళి గేటు మనిషిని నానా తిట్లూ తిట్టాను. నాన్న చచ్చిపోతున్నాడు తియ్యరా అని అరిచాను."

నేను దాని వీపు మీద చెయ్యి వేయబోయాను. విదిలించింది. కొంచెం సేపయ్యాక ముఖం తుడుచుకుని అడిగింది, ఇంకేమన్నా దాచావా అని. ఆ రోజు పదకొండు సార్లు ఫోను చేసి ఛార్జింగు అయిపోగొట్టింది కూడా నేనేనన్నాను.

"అది నాకు తెలుసు" అంది.

నా ఒళ్ళో ఉన్న పెట్టెని వేలితో చూపించింది.

"నువ్వే పెట్టావుగా. నువ్వే తియ్యి."

నా వేలు పక్క గడి మీద పడింది. పడవ రేవులు వద్దని పడింది. అది తీసి, మళ్ళీ వెతుక్కుని ఇదీ తీశాను. అది చూస్తూ కూర్చుంది, సాయం చేయలేదు. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు చుట్టూ తిరిగి పెద్ద రోడ్డెక్కించింది. పక్కనుంచి లారీలు పోతుంటే వ్యాను మొత్తం ఊగింది. నేను కళ్ళు మూసుకోలేదు. నాకు ఆ హక్కు లేదనిపించింది.

మూడో రోజున అది సూపర్‌వైజరుకి ఫోను చేసి మళ్ళీ బండి తీసుకుంది. నాతో అవసరానికే మాట్లాడుతుంది. తిన్నావా అంటే తిన్నానంటుంది, వస్తావా అంటే వస్తానంటుంది. ఆయన భయపడినట్టే అయింది, నా మీద కోపం పెట్టుకుంది. అయినా సాయంత్రం మెట్ల మీద దాని అడుగులు వినిపిస్తాయి, ఇల్లు ఎలాగో గడుస్తోంది. కోపం నా మీదున్నంతసేపు తన మీద లేదు. నాకది చాలు.

పగలు నేను ఫోను చేయను. ఫోనుని బోర్లా పెట్టి, దాని పక్కనే కూర్చుంటాను. గుండె దడ ఎక్కువైనప్పుడు ఆయన చెప్పిన దారి చెప్పుకుంటాను, ఆయన చెప్పిన వరసలోనే. ఉప్పుమళ్ళు, ఎదురుగాలి. బట్టీలు, రెండో గేరు. వంతెన, హారను. నీలం గోడ, రెండు బన్నులు. కోత మిల్లు. గేటు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను. ఆ తర్వాత దారి ఆయన చెప్పలేదు.